లెక్క అడిగిన స్నేహితులు – విలియం కేరీ జీవితము

ఖరగ్‌పూర్ రైల్వే పట్టణములో, ఓల్డ్ సెటిల్‌మెంట్ వంటి పేటలలో, తెలుగు మాట వినబడుట వింత కాదు. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలమునుండి శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము ప్రాంతముల కుటుంబములనేకము పనికొరకు వచ్చి అచ్చట స్థిరపడినవి. ఆ పట్టణమునుండి హౌరాకు రైలుమార్గమున సుమారు 115 కిలోమీటర్లు. హౌరాలో రైలు మారి, హుగ్లీ నది పడమటి గట్టు వెంబడి మరికొంత ఉత్తరమునకు పోయినయెడల శ్రీరాంపూరు వచ్చును. వంగదేశములో నున్నను ఆ ఊరు తెలుగు క్రైస్తవులకు పరాయిది కాదు. 1818లో తెలుగు క్రొత్త నిబంధన అచ్చట అచ్చయినది. అంతకు నాలుగేండ్లు ముందు, 1814లో, ఆంగ్లమున వ్రాయబడిన తెలుగు వ్యాకరణమొకటి అచ్చటనే వెలువడినది. ఆ వ్యాకరణమును వ్రాసినవాడు విలియం కేరీ.

కేరీ పేరు వినగానే అలుపెరుగని శ్రామికుడు మనస్సునకు తోచును. చెప్పులు కుట్టువాడుగా జీవితమారంభించి, లాటిను, గ్రీకు, హెబ్రీ భాషలను స్వయంకృషితో నేర్చి, కలకత్తాలోని ఫోర్ట్ విలియం కళాశాలలో సుమారు ముప్పది సంవత్సరములు బోధించి, అనేక భారతీయ భాషలలో లేఖనములను వెలువరించిన ఘనుడాయన. అయితే తన దినచర్యలోను, మిత్రులకు వ్రాసిన జాబులలోను కనబడు కేరీ వేరొకడు. తనలో బరువైన జడత్వమున్నదనియు, సోమరితనము తన్ను విడువని పాపమనియు ఆయన మాటిమాటికి ఒప్పుకొనెను. ఇది వట్టి వినయము కాదు. ఆయన జీవితమును జాగ్రత్తగా పరిశీలించినవారికి, చేయవలసినదానిని చూచియు చేయక వెనుదీసిన సందర్భములు కనబడును.

మరి అట్టివాడు అంత పని ఎట్లు చేయగలిగెను? దైవకృప అనుట సత్యమే. కాని ఆ కృప ఆయనయొద్దకు తరచుగా మనుష్యరూపమున వచ్చెను. ఎదుట నిలిచి, నీవు చేయుదునన్న పని యేమాయెనని అడుగగల స్నేహితులను దేవుడాయనకిచ్చెను. వారి కథను విడిచి కేరీ కథను చెప్పుట సాధ్యము కాదు.

చెప్పుల కొట్టులోని మిత్రుడు

కేరీ 1761 ఆగస్టు 17న ఇంగ్లాండులోని నార్తాంప్టన్ ప్రాంతమున పాలర్స్‌పరీ అను పల్లెలో జన్మించెను. తండ్రి ఎడ్మండ్ మొదట నేతపని చేసి, పిమ్మట ఊరి బడిపంతులాయెను. ఎండ తగిలినచో చర్మము బాధించుటచేత కేరీ పొలము పనికి తగకపోయెను. అందుచేత కౌమారములోనే పిడింగ్టను అను గ్రామములో చెప్పులు కుట్టు పని నేర్చుకొనుటకు కుదిరెను.

అదే కొట్టులో జాన్ వార్ అను మరియొక పనివాడుండెను. వార్ సామాన్యుడు, స్వతంత్ర సంఘమునకు చెందినవాడు. రాజ్యసంఘములో పెరిగిన కేరీకి అట్టి సంఘములవారిపై చిన్నచూపు. వాదములో కేరీయే గెలిచెడివాడు. అయితే గెలిచిన తరువాత ఆయన హృదయమునకు నెమ్మది లేకుండెను. అబద్ధమును, దుర్భాషను మానవలెనని నిశ్చయించుకొనుట, ఆ నిశ్చయము నిలువకపోవుట ఆయనకు పరిపాటియాయెను. వార్ ఆయనను విడిచిపెట్టలేదు. పుస్తకములు తెచ్చి ఇచ్చెను, ప్రార్థన కూటములకు రమ్మని పిలిచెను, తోలు కోయుచు మరల మరల అదే మాట కదిపెను. తుదకు 1779 ఫిబ్రవరి 10న, దేశమంతట ఉపవాస ప్రార్థనకై నియమింపబడిన దినమున, హాకిల్టనులోని చిన్న కూటములో కేరీ తన్ను ప్రభువునకు సంపూర్ణముగా అప్పగించుకొనెను. లోకము కేరీని ఎరుగును. వార్‌ను ఎరిగినవారు కొద్దిమంది. అయినను ఆ కొట్టులో అతడు పట్టు విడిచియుండినచో తరువాతి చరిత్ర యెట్లుండెడిదో చెప్పజాలము.

ఆలస్యమును గూర్చిన ప్రసంగము

1781లో కేరీ డొరొతీ ప్లాకెట్‌ను వివాహమాడెను. 1783లో జాన్ రైలాండ్ చేత నీన్ నదిలో బాప్తిస్మము పొందెను. మౌల్టను గ్రామములో కాపరియై, జీవనము చాలక బడి పెట్టెను. పాఠము చెప్పుట తెలిసినను బాలురను అదుపులో పెట్టుట ఆయనకు చేతకాలేదు. ఆ లోపము తరువాత ఆయన స్వగృహములోనే బయటపడెను. గోడమీద తగిలించిన ప్రపంచ పటమును చూచుచు, ఏ దేశమున ఎంతమంది ప్రజలున్నారో, వారిలో సువార్త విననివారెందరో వ్రాసికొనుచుండెను. సంఘమునకు ఇతర జనములపట్ల కర్తవ్యమున్నదని నమ్మి, తోడి బోధకులతో దానిని గూర్చి మాటలాడుచుండెను. వినువారు తల ఊపిరి. పని మాత్రము మొదలు కాలేదు.

ఆ బోధకులలో ఆండ్రూ ఫుల్లర్ ముఖ్యుడు. కెట్టరింగ్ సంఘ కాపరి, దృఢకాయుడు, నిశితమైన ఆలోచనగలవాడు. 1791 ఏప్రిల్ 27న క్లిప్‌స్టను గ్రామములో బోధకుల కూటము జరిగినప్పుడు ఫుల్లర్ హగ్గయి గ్రంథము మొదటి అధ్యాయము రెండవ వచనముమీద ప్రసంగించెను. మందిరము కట్టుటకు ఇంకను కాలము రాలేదని సాకు చెప్పిన జనులను గూర్చిన వచనమది. దైవకార్యములలో ఆలస్యము చేయుటవలని కీడే ఆ ప్రసంగ విషయము. కూటమంతయు గంభీరమాయెను. ఇదే తగిన ఘడియయని కేరీ తలంచి, భోజనానంతరము, ఇక నిప్పుడే ఏదైనను పూనుకొనవలెనని బ్రతిమాలెను. ఆలస్యమును ఖండించిన ప్రసంగము విని గంట గడువకముందే ఆ పెద్దలు ఆలస్యమునకే ఒప్పుకొనిరి. కార్యము మిక్కిలి పెద్దదనియు, ముందుగా కేరీ తాను వ్రాసికొన్నదానిని సవరించి అచ్చు వేయుట మేలనియు చెప్పి విడిపోయిరి. ప్రసంగించిన ఫుల్లర్ సహితము వారిలో నొకడు.

ఈ సంగతి ఫుల్లర్‌ను నిందించుటకు కాదు. ఆలస్యము చెడ్డదని తెలిసియుండుట వేరు, ఆలస్యమును మానుట వేరు. తెలిసినంత మాత్రాన మనుష్యుడు మారినయెడల ఆలస్యమును గూర్చి ప్రసంగించినవాడే మొదట మారియుండెడివాడు.

ఒక సంవత్సరము గడిచెను. కేరీ వ్రాసిన 87 పుటల చిన్న పుస్తకము 1792 మే నెలలో అచ్చయి వచ్చెను. అదే నెల చివర నాటింగ్‌హామ్ పట్టణములో కూడుకొన్న బోధకుల యెదుట ఆయన యెషయా గ్రంథము 54వ అధ్యాయముమీద, గుడారమును విశాలపరచుటను గూర్చి, బలమైన ప్రసంగము చేసెను. మరునాటి ఉదయము కార్యాలోచన జరిగెను. మరల సందేహములే, మరల వాయిదాయే. పెద్దలు లేచి గుర్రములు ఎక్కుటకు సిద్ధపడుచుండగా, కేరీ ఫుల్లర్ చేయి గట్టిగా పట్టుకొని, ఈసారియు ఏమియు చేయకయే వెళ్లిపోవుదుమా యని అడిగెను.

అది వాదము కాదు, ప్రసంగము కాదు. ఒక స్నేహితుడు మరియొక స్నేహితుని చేయి పట్టుకొని అడిగిన ప్రశ్న మాత్రమే. ఏడాది క్రిందట తాను బోధించినదానికే ఫుల్లర్ లెక్క చెప్పవలసి వచ్చెను. ఆయన తప్పించుకొనలేదు. కూటమును ఆపి, రాబోవు కెట్టరింగ్ కూటము నాటికి మిషనరీ సమాజమునకొక ప్రణాళిక సిద్ధపరచవలెనని తీర్మానము వ్రాయించెను. ఏదో యొకనాడు అన్నచోట ఒక తేదీయు, ఒక స్థలమును వచ్చెను. 1792 అక్టోబరు 2న కెట్టరింగ్‌లో ఒక విధవరాలి యింటి గదిలో బాప్టిస్టు మిషనరీ సమాజము స్థాపింపబడెను. ఆనాడు కూడిన చందా వాగ్దానములు 13 పౌనుల 2 షిల్లింగుల 6 పెన్నీలు. కేరీయొద్ద ధనము లేకుండెను. తన పుస్తకము అమ్ముడుపోగా వచ్చు లాభమును ఇత్తుననెను.

త్రాడు పట్టినవారు

సమాజమైతే ఏర్పడినది. ఇప్పుడు లెక్క చెప్పవలసినవాడు కేరీ. వెళ్లువాడెవడు? వంగదేశమునుండి తిరిగి వచ్చిన వైద్యుడు జాన్ తామస్‌తో కూడ తాను వెళ్లుదునని కేరీ ఒప్పుకొనెను. ఈ సంభాషణను ఫుల్లర్ తరువాత లోతైన గనితో పోల్చి చెప్పెను. కేరీ దానిలోనికి దిగును, పైన నున్నవారు త్రాడు వదలకూడదు. ఫుల్లర్, రైలాండ్, సట్‌క్లిఫ్, పియర్స్ ఆ మాట యిచ్చి, బ్రతికినంత కాలము దానిని నిలుపుకొనిరి.

కేరీ భార్య డొరొతీ మొదట బయలుదేరుటకు ఒప్పుకొనలేదు. ఆమె గర్భవతి, ఎన్నడును సముద్రము చూడనిది. ఆమె భయము అకారణము కాదు. ఆమె ప్రసవించిన పిమ్మట, తన చెల్లెలు తోడు వచ్చిన పక్షమున వచ్చెదనని చివరి ఘడియలో అంగీకరించెను. 1793 జూన్ 13న డెన్మార్కు దేశపు ఓడలో వారు బయలుదేరి నవంబరులో కలకత్తా చేరిరి.

తామస్ ఉత్సాహవంతుడు, దయగల వైద్యుడు, వంగభాష తెలిసినవాడు. అయితే రూక లెక్క ఆయనకు నిలువలేదు. తెచ్చిన సొమ్ము కొద్ది వారములలోనే కరిగిపోయెను. కేరీ పరదేశములో భార్యాబిడ్డలతో అన్నమునకే తడుముకొనవలసి వచ్చెను. ప్రేమగల తోడు ఉండినంత మాత్రాన చాలదని, ఒకరికొకరు లెక్క చెప్పుకొను తోడు కావలెనని ఆయన ఆనాడు నేర్చుకొనెను.

1794లో జార్జి ఉడ్నీ అను ఆంగ్లేయుడు ఉత్తర వంగములోని మద్నాబతిలో నీలిమందు కార్ఖానాను చూచుకొను ఉద్యోగమిచ్చెను. జీతము రాగానే, ఇక సమాజము తనకు ధనము పంపనక్కరలేదని కేరీ ఇంగ్లాండుకు వ్రాసెను. కాని సమాజమువారు ఆయన వ్యాపారములో మునిగిపోవునేమోయని హెచ్చరించుచు జాబు పంపిరి. ఆ మాట కేరీని నొప్పించెను. అయినను ఆయన మౌనము వహింపలేదు. తన రాబడి యెంతయో, అందులో కుటుంబమునకెంత, దేవుని పనికెంత వ్యయమగుచున్నదో విడమరచి వ్రాసెను. నొచ్చుకొన్నను లెక్క చెప్పుట, లెక్క విన్న తరువాత నమ్ముట – ఈ రెండును ఉండుటచేతనే ఆ స్నేహము తెగలేదు.

మద్నాబతి సంవత్సరములు చీకటివి. అయిదేండ్ల బాలుడు పీటర్ 1794లో విరేచనములచేత మరణించెను. డొరొతీ మనస్సు చెదరి, మరల కుదుటపడలేదు. ఆమె 1807లో మరణించువరకు ఆ వ్యథ ఆ యింట నుండెను. కేరీ క్రొత్త నిబంధనను వంగభాషలోనికి తర్జుమా చేయుచునేయుండెను గాని, వంగదేశీయులలో ఒక్కరును బాప్తిస్మము పొందలేదు. తన సోమరితనమును, ఆత్మీయ జడత్వమును నిందించుకొనుచు ఆయన వ్రాసికొన్న మాటలు ముఖ్యముగా ఈ ఒంటరి దినములవే. ఇంగ్లాండునుండి జాబు వచ్చుటకు నెలలు పట్టెడిది. త్రాడు పట్టినవారు నమ్మకమైనవారే, కాని త్రాడు చాల పొడుగు.

శనివారపు సాయంకాలము

1799 అక్టోబరులో జాషువా మార్ష్‌మన్, ఆయన భార్య హన్నా, విలియం వార్డ్ మొదలైనవారు వచ్చి శ్రీరాంపూరులో దిగిరి. అది డేనుల వశములోనున్న పట్టణము గనుక ఈస్టిండియా కంపెనీ వారిని వెడలగొట్టలేకపోయెను. కేరీ మద్నాబతిని విడిచి 1800 జనవరి 10న వారిని కలిసికొనెను. మార్ష్‌మన్ ఉపాధ్యాయుడు, వార్డ్ ముద్రాపకుడు.

వారు వచ్చిన కొద్ది దినములలోనే ఉమ్మడి గృహమునకు నియమములేర్పరచుకొనిరి. బోధయు ప్రార్థనయు వంతులవారీగా జరుగవలెను. గృహనిర్వహణము నెలకొకరు చూడవలెను. రాబడి యంతయు ఒకే పెట్టెలో వేయవలెను, ఎవరును సొంత వ్యాపారము చేయరాదు. శనివారపు సాయంకాలము మాత్రము ప్రత్యేకింపబడెను. ఆ వారములో ఒకరిపై ఒకరికి కలిగిన మనస్తాపమేదైన నున్నచో ఆ సాయంకాలము బయటపెట్టి సరిచేసికొని, ఒకరినొకరు ప్రేమించుదుమని మరల మాట యిచ్చుకొనవలెను. మనస్సులో ముల్లు పెట్టుకొని ఆదివారము బల్ల యొద్దకు పోరాదని వారి భావము. కోపమును రేపటికి, వచ్చే నెలకు వాయిదా వేయు అవకాశము ఆ నియమములో లేదు.

1805 అక్టోబరు 7న వారు తమ సేవానియమములను పదునొకండు అంశముల ఒడంబడికగా వ్రాసికొనిరి. జనుల ఆత్మలను విలువైనవిగా ఎంచుట, దేశీయ సహోదరులను సేవకులుగా తీర్చిదిద్దుట, తర్జుమా పనిని ఎడతెగక చేయుట, స్వార్థమును విడుచుట మున్నగునవి అందులో నుండెను. వ్రాసి పెట్టెలో దాచలేదు. ఏటేట జనవరి, మే, అక్టోబరు మాసముల మొదటి ఆదివారమున ప్రతి స్థలములోను దానిని బహిరంగముగా చదువవలెనని ఆ ఒడంబడికలోనే నిర్ణయించిరి. మనుష్యుడు తన వాగ్దానమును మరచునని వారికి తెలియును. అందుచేత ఏడాదికి మూడుసార్లు జ్ఞాపకము చేయు ఏర్పాటు చేసికొనిరి.

తండ్రి వాయిదా వేసిన పని

ఈ తోడు యొక్క విలువ ఎక్కువగా తేటపడినది కేరీ స్వంత కుమారుల విషయములో. శ్రీరాంపూరు వచ్చునాటికి పెద్దవాడు ఫీలిక్స్‌కు పదునాలుగేండ్లు, రెండవవాడు విలియంకు పన్నెండేండ్లు. తల్లి వ్యాధిగ్రస్తురాలు, తండ్రి పుస్తకములలో నిమగ్నుడు. బాలురు అదుపు లేక పెరిగిరి. కేరీకి ఇది కనబడకపోలేదు. చూచెను, దుఃఖించెను, కాని సాత్విక స్వభావమువలన కఠినమైన మాట చెప్పలేక రేపు రేపని దాటవేసెను. అనేక భాషలు నేర్చిన మేధావికి సొంత బిడ్డను దండించుట మహాకష్టమాయెను.

హన్నా మార్ష్‌మన్ ఈ స్థితిని చూచి ఊరకుండలేదు. ఆమెయు ఆమె భర్తయు బాలుర చదువును, నడవడిని తమ చేతికి తీసికొనిరి. వార్డ్ ఫీలిక్స్‌ను అచ్చుకూటములో తన ప్రక్క పనిలో పెట్టుకొని, అన్నవలె మాటలాడి, అతని హృదయమును గెలిచెను. ఇతరుల కుటుంబ సంగతి మనకేలయని వారు తలంచలేదు. కేరీయు, నా యింటిలో మీరెవరని అడుగలేదు. అట్లు అడుగకుండుటయే ఆయన గొప్పతనము. 1800 డిసెంబరు 28న వంగదేశీయుడైన కృష్ణపాల్ హుగ్లీ నదిలో బాప్తిస్మము పొందినప్పుడు, ఆయనతో కూడ నీటిలో దిగినవాడు ఫీలిక్స్. తండ్రియే ఇద్దరికిని బాప్తిస్మమిచ్చెను. అయిదేండ్ల తరువాత ఆ ఒడంబడికమీద చేవ్రాలు చేసినవారిలో ఫీలిక్స్ ఒకడు.

ఆ కథ అంతటితో సుఖముగా ముగిసినదనరాదు. ఫీలిక్స్ బర్మాలో మిషనరీయై, భార్యాబిడ్డలు నీట మునిగి మరణించుటచేత కృంగి, సేవను విడిచి, బర్మా రాజు కొలువులో రాయబారియై, పిమ్మట దిక్కు తోచక తిరుగాడెను. తండ్రి బహుగా దుఃఖించెను. అప్పుడు కూడ అతనిని కనుగొని శ్రీరాంపూరునకు మరల రప్పించినవాడు వార్డ్. ఫీలిక్స్ 1822లో మరణించువరకు అచ్చటనే తర్జుమా పనిలో నుండెను.

ఒక దినపు లెక్క, ఒక రాత్రి అగ్ని

1801లో కేరీ ఫోర్ట్ విలియం కళాశాలలో బోధకుడుగా నియమింపబడెను. జీతములో కుటుంబమునకు అవసరమైన కొంత తీసికొని తక్కినదంతయు ఉమ్మడి నిధికిచ్చుచుండెను. 1806 జూన్‌లో, జాబులు పొడుగుగా వ్రాయలేకపోవుటకు కారణమేమో తెలుపుచు, ఆయన రైలాండ్‌కు తన ఒక దినపు పనిని వరుసగా వ్రాసి పంపెను. ఆరు గంటలకు ముందే లేచి హెబ్రీ అధ్యాయము, ఏకాంత ప్రార్థన, పనివారితో వంగభాషలో కుటుంబ ప్రార్థన, మున్షీతో పారశీకము, పండితునితో రామాయణ తర్జుమా, కళాశాలలో బోధ, ప్రూఫులు దిద్దుట, సంస్కృతములో మత్తయి సువార్త, సాయంకాలమున తెలుగు పండితునియొద్ద తెలుగు పాఠము, రాత్రి ప్రసంగము, మరల తర్జుమా, చివరకు గ్రీకు నిబంధనలో అధ్యాయము. మన భాషను ఆయన దినమంతయు శ్రమించిన తరువాత, దీపాల వేళ, ఒక తెలుగు పండితుని యెదుట విద్యార్థియై నేర్చుకొనెను.

ఈ పట్టికను చదివి చాలమంది కేరీ శక్తికి ఆశ్చర్యపడుదురు. గమనింపవలసిన విషయము వేరే యున్నది. ఆ దినములో ఎక్కువ భాగము ఆయన ఒంటరిగా లేడు. ఒక గంటకు మున్షీ వచ్చును, మరియొక గంటకు పండితుడు వచ్చును, విద్యార్థులు ఎదురుచూతురు, అచ్చుకూటము ప్రూఫులకై ఎదురుచూచును. జడత్వము గలవాడనని తన్నుతాను ఎరిగినవాడు, తనకొరకు ఎవరో ఒకరు వేచియుండునట్లుగా తన గడియలను అమర్చుకొనెను.

1812 మార్చి 11 సాయంకాలము శ్రీరాంపూరు అచ్చుకూటము అగ్నికి ఆహుతియాయెను. కాగితము, అనేక భాషల అచ్చు అక్షరములు, వ్రాతప్రతులు కాలిపోయినవి. తెలుగు వ్యాకరణపు ప్రతియు బూడిదయాయెను. కలకత్తాలోనున్న కేరీకి ఆ వార్తను చెప్పుటకు మరునాడు మార్ష్‌మన్ స్వయముగా వెళ్లెను. కేరీ నోట కొంతసేపు మాట రాలేదు. అట్టి నష్టము తరువాత పనిని కొంతకాలము ఆపివేసినను ఎవరును తప్పు పట్టరు. అయితే వార్డ్ అప్పటికే బూడిదను త్రవ్వించి, అక్షరములు పోతపోయుటకు కావలసిన అచ్చులు చెడక నిలిచియున్నవని కనుగొనెను. కొద్ది వారములలోనే పోతపని మరల సాగెను. ఒకసారి నడచిన త్రోవ రెండవసారి తేలికగా నుండునని ఓదార్పు చెప్పుకొని, కేరీ కాలిన పుటలను మరల వ్రాయ కూర్చుండెను. రెండేండ్లకు తెలుగు వ్యాకరణము వెలువడెను. దానిలో లోపములుండవచ్చును, తరువాతి తెలుగు అనువాదములు శ్రీరాంపూరు అనువాదమును మించియుండవచ్చును. కాని అగ్నిలో పోయిన పనిని రెండవసారి చేసిన ఆ చేయి మన కృతజ్ఞతకు పాత్రము.

ఒక ఆదివారపు ఉదయము

1799లో కేరీ హుగ్లీ తీరమున ఒక స్త్రీ భర్తృశవముతో దహింపబడుట కన్నులార చూచి, ఆపజూచి విఫలుడాయెను. ఆనాటినుండి సహగమనమును మాన్పింపవలెనని మిత్రులతో కూడ పాటుపడెను. శ్రీరాంపూరువారు తీసిన లెక్క ప్రకారము 1803లో కలకత్తా చుట్టు ముప్పది మైళ్లలో అట్లు దహింపబడినవారు 438 మంది. ప్రభుత్వము విన్నది, విచారించెదమనెను, వాయిదా వేసెను. ముప్పది సంవత్సరములు గడిచెను. రాజా రామమోహన రాయలు మొదలైన స్వదేశీయ సంస్కర్తలును ఎడతెగక పోరాడిరి. తుదకు గవర్నర్ జనరల్ బెంటింక్ 1829 డిసెంబరు 4న దానిని నిషేధించు శాసనము చేసెను.

ఆ శాసనమును వంగభాషలోనికి తర్జుమా చేయుమను ఉత్తరువు కేరీకి ఒక ఆదివారపు ఉదయము అందెను. ఆయనకప్పుడు అరువది యెనిమిదేండ్లు. ప్రసంగమునకు సిద్ధపడుచుండెను. ఒక గంట జాగు చేసినను ఎందరో విధవల ప్రాణములు పోవునని తలంచి, తనకు బదులుగా వేరొకరిని బోధించుమని పంపి, పండితుని పిలిపించుకొని పనికి కూర్చుండెను. సాయంకాలమునకు తర్జుమా ముగిసెను. సోమరినని దుఃఖించినవాడు, బిడ్డను దండించుటకు వెనుదీసినవాడు, ఆ ఆదివారమున ఒక గంటయైనను వాయిదా వేయలేదు. ఆ మార్పు ఒక దినములో కలిగినది కాదు. ముప్పది సంవత్సరములు స్నేహితులకు లెక్క చెప్పుట అలవాటైన హృదయమది.

స్నేహములేని లెక్క

1815లో ఫుల్లర్ మరణించెను. ఇంగ్లాండులో సమాజపు పగ్గములు క్రొత్త తరమువారి చేతికి వచ్చెను. వారు కేరీని ముఖాముఖిగా ఎరుగరు. శ్రీరాంపూరు ఆస్తులు ఎవరివి, ఎవరి పేర నున్నవి అని వారు విచారింపసాగిరి. ప్రజల చందాలను నిర్వహించువారు అట్లు అడుగుట అన్యాయమనరాదు. కాని అడుగువారికిని చెప్పువారికిని నడుమ స్నేహము లేకపోయెను. అదే లెక్క ఇప్పుడు అనుమానమాయెను. సంవత్సరముల తరబడి జాబులు నడిచి, 1827లో శ్రీరాంపూరువారును సమాజమువారును విడిపోయిరి. అప్పటికే వార్డ్ 1823లో కలరాచేత మరణించియుండెను. కేరీ 1834 జూన్ 9న శ్రీరాంపూరులోనే కన్నుమూసెను. మార్ష్‌మన్ మూడేండ్ల తరువాత ఆయనను వెంబడించెను.

తామస్ యొద్ద స్నేహముండెను, లెక్క లేకపోయెను. క్రొత్త కార్యనిర్వాహకులయొద్ద లెక్కయుండెను, స్నేహము లేకపోయెను. ఫుల్లర్, మార్ష్‌మన్, వార్డ్, హన్నా – వీరియొద్ద రెండును కలిసియుండెను. కేరీ జీవితములో ఫలించిన పనులన్నియు ఈ రెండును కలిసినచోటనే ఫలించినవి.

సంఘములో నేడును వాయిదా పడుచున్న పనులు కొదువ లేదు. సహోదరునితో సమాధానపడుట, ఇంటిలో కుటుంబ ప్రార్థన మొదలుపెట్టుట, తప్పిపోవుచున్న కుమారునితో మాటలాడుట, చేయుదునని మ్రొక్కిన సేవను చేయుట – ప్రతివాడును తన మనస్సులో వీటికి మంచి ముహూర్తము వెదకుచునేయుండును. రైల్వే పట్టణములలో నివసించువారికి ఒక సంగతి తెలియును. బండి సమయమునకు చేరవలెనన్న సదుద్దేశము ప్రతి డ్రైవరుకును కలదు. అయినను ఏ స్టేషనులో బండి ఎన్ని నిమిషములు ఆలస్యమైనదో వ్రాసియుంచుట నియమము. వ్రాసి పెట్టనియెడల నిమిషములు గంటలగును.

విశ్వాసికి అట్టి నియమము భారము కాదు. నమ్మదగిన ఒక స్నేహితుని ఎన్నుకొని, చేయవలసిన ఒక్క పనిని పేరు పెట్టి చెప్పి, దానికొక దినమును నిర్ణయించి, ఆ దినమున నన్ను అడుగుమని అతనికి అధికారమిచ్చుట చాలును. అడిగినప్పుడు నొచ్చుకొనక చెప్పవలెను. తప్పినచో మరల దినము పెట్టుకొనవలెను. అతడు అడిగినట్లే అతనిని కూడ అడుగవలెను. ప్రతి మనుష్యుడును దేవుని యెదుట తన్ను గూర్చి లెక్క అప్పగింపవలసిన దినమొకటి యున్నది. ఆ దినమునకు ముందుగా, చేయి పట్టుకొని అడుగు స్నేహితుని ప్రభువు పంపినయెడల, ఆ చేతిని విదలించుకొనక నిలుచుట జ్ఞానము.